భుజం కింద గుంట: స్ట్రోక్ తర్వాత చెయ్యి, నడక, బిగుతు

కొత్తగా చేరా

స్ట్రోక్ వచ్చి 3 వారాలైన పేషెంటు విషయం. ఎడమ చెయ్యి బొత్తిగా కదలదు, కాలు కొంచెం కదుపుతారు. కూర్చోబెట్టినప్పుడు భుజం కొన ఎముక కింద వేలు దిగేంత గుంట కనిపిస్తోంది. చెయ్యి పైకెత్తబోతే నొప్పి అంటున్నారు. పైన కప్పీ కట్టి, మంచి చేత్తో తాడు లాగి ఆ చేతిని పైకి లేపమని ఒకరు చెప్పారు. రబ్బరు బంతి పిసికించమని ఇంకొకరు. చెయ్యి ఎప్పుడూ స్లింగ్‌లోనే ఉంచమని మరొకరు. ఎవరి మాట వినాలి?

చేతిపని

మొదటి రెండూ వద్దండీ. మూడోది సగమే నిజం.

ముందు ఆ గుంట సంగతి. తుంటి కీలులో బంతి, అంటే ఎముక గుండ్రటి తల, లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో అలా ఉండదు, పళ్లెం అంచున నిలబెట్టిన బంతిలా ఉంటుంది. అది జారకుండా చూసేవి కండరాలు, అందులోనూ భుజం పైనున్న సుప్రాస్పైనేటస్, భుజాన్ని కప్పి ఉండే డెల్టాయిడ్ వెనక భాగం. స్ట్రోక్ తర్వాత మొదటి వారాల్లో ఇవి వదులైపోతాయి. చెయ్యి బరువు శరీర బరువులో దాదాపు 5 శాతం. 60 కిలోల మనిషికి 3 కిలోలన్నమాట. ఆ బరువంతా కీలు చుట్టూ ఉన్న పొర మీద, నరాల మీద వేలాడి బంతి కిందికి జారుతుంది. మీరు చూస్తున్న గుంట అదే. కూర్చోబెట్టి, చెయ్యి వేలాడనిచ్చి, భుజం కొన ఎముకకీ బంతికీ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూసి రాసుకోండి. అర వేలా, ఒకటా, ఒకటిన్నరా? రెండు వారాలకోసారి ఒకే మనిషి చూస్తేనే పోల్చడానికి పనికొస్తుంది.

ఇక కప్పీ. చెయ్యి తలపై దాకా లేస్తే అది సుమారు 180 డిగ్రీలు. అందులో దాదాపు 60 డిగ్రీలు వీపు పైభాగాన ఉన్న రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. పడిపోయిన వైపు రెక్క ఎముక తిరగదు. తాడు మాత్రం లాగుతూనే ఉంటుంది. బంతి వెళ్లి పైనున్న ఎముకకి కొట్టుకుంటుంది, మధ్యలో ఉన్న స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) నలుగుతుంది. పైగా లాగేది పేషెంటు మంచి చెయ్యి. స్పర్శ తగ్గిన భుజంలో ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. స్ట్రోక్ భుజానికి తలపై కప్పీ వాడొద్దని పునరావాస మార్గదర్శకాలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి.

ఆ చేతిని మనం కదిలించేటప్పుడు అరచేయి పైకి, అంటే బొటనవేలు బయటివైపుకి తిప్పి ఉంచాలి. రెండో చేత్తో రెక్క ఎముకని ముందుకీ పైకీ తోస్తూ ఎత్తాలి. రెక్క కదలకపోతే 90 డిగ్రీల దగ్గర ఆగిపోవాలి. నొప్పి వస్తే అంతకంటే ముందే ఆపేయాలి.

నడకమాస్టారు

రబ్బరు బంతి గురించి నేను చెబుతాను. చాలా ఇళ్లలో చేతిలో బంతి పెట్టేసి అదే వైద్యం అనుకుంటారు. స్ట్రోక్ తర్వాత వేళ్లు ముడుచుకోవడం దానంతట అదే వచ్చేస్తుంది, కష్టపడి తెచ్చుకోవాల్సింది తెరుచుకోవడం. బంతి పిసికిస్తే ముందే బిగుస్తున్న కండరాలకే పని పెట్టినట్టవుతుంది. దాని బదులు:

- టేబుల్ మీద తువ్వాలు పరిచి, దానిపై అరచేయి పెట్టి ముందుకి తోయించండి. మోచేయి చాచుకోవాలి. చెయ్యి బరువు టేబులే మోస్తుంది కాబట్టి కొద్దిపాటి కదలిక ఉన్నా బయటపడుతుంది.
- పట్టుకున్న గ్లాసు వదిలెయ్యమనండి. పట్టుకోవడం కంటే వదలడం కష్టం, సాధన చెయ్యాల్సింది కూడా దాన్నే.
- మణికట్టు టేబుల్ అంచున పెట్టి అరచేయి కిందికి వేలాడనిచ్చి, పైకి ఎత్తమనండి. అస్సలు రాకపోతే మీరే ఎత్తి, దించేటప్పుడు మాత్రం నెమ్మదిగా ఆపుతూ దించమనండి. కదలిక మొదట దింపడంలోనే కనబడుతుంది.

రాత్రిడ్యూటీ

కప్పీ, బంతీ రోజుకి అరగంటే కదా. మిగతా ఇరవై మూడున్నర గంటలూ భుజాన్ని ఎవరు పాడు చేస్తున్నారో చూడండి. మంచం మీద పైకి జరపడానికి చంకల్లో చేతులు పెట్టి లాగుతారు. పక్కకి తిప్పడానికి పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు. నిలబెట్టడానికి మణికట్టు పట్టుకుంటారు. ఈ మూడూ మానేస్తే నొప్పిలో పెద్ద భాగం రాకుండానే పోతుంది.

పైకి జరపాలంటే కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని జరపాలి. తిప్పాలంటే ఒక చెయ్యి రెక్క ఎముక వెనక, ఒకటి తుంటి వెనక పెట్టాలి. నిలబెట్టాలంటే నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్నే పట్టుకోవాలి.

పడుకోబెట్టే తీరు కూడా ముఖ్యమే. వెల్లకిలా ఉంటే భుజం వెనక రెక్క కింద పలచటి దిండు, చెయ్యి మొత్తం ఇంకో దిండు మీద, అరచేయి పైకి. మంచి వైపు పడుకుంటే ఛాతీ ముందు పెద్ద దిండు, దాని మీద చెయ్యి, మణికట్టు దిండు అంచు నుంచి జారిపోకుండా. పడిపోయిన వైపు కూడా పడుకోవచ్చు, కానీ బరువు భుజం కొన మీద పడకూడదు. అందుకే రెక్క ఎముకని ముందుకి లాగి, దాని చదును భాగం మీద పడుకునేలా సర్దాలి.

చేతిపని

రాత్రిడ్యూటీ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక స్లింగ్. నిలబెట్టినప్పుడు, నడిపించినప్పుడు, కుర్చీలోకి మార్చేటప్పుడు కట్టండి. కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ తీసెయ్యండి. మెడకి తగిలించే మామూలు స్లింగ్‌లో చెయ్యి కడుపుకి ఆనుకుని, భుజం లోపలికి తిరిగి, మోచేయి ముడుచుకుని ఉంటుంది. బిగుతు మొదలయ్యాక చెయ్యి సరిగ్గా ఇదే ఆకారంలో గట్టిపడుతుంది. కుర్చీలో ఉన్నప్పుడు చేతి కింద బోర్డు గానీ దిండు గానీ పెడితే చాలు.

నడకమాస్టారు

ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం ఉంది. నడిపించేటప్పుడు స్లింగ్ కడితే ఆ చెయ్యి ఊగదు, శరీరం తిప్పడం తగ్గుతుంది, తూకం కూడా పోతుంది. భుజం వరకే పట్టుకుని మోచేతిని వదిలేసే పట్టీలు ఉన్నాయి. గుంట అర వేలే ఉంటే, నొప్పి లేకపోతే, నేను స్లింగ్ లేకుండానే నడిపిస్తాను.

చేతిపని

నొప్పి లేకపోతే సరే. స్పర్శ లేని చెయ్యి, పడిపోయిన వైపు ధ్యాసే లేని పేషెంటు అయితే మాత్రం ఆ చెయ్యి తలుపు సందులోనో చక్రంలోనో ఇరుక్కుంటుంది. అప్పుడు స్లింగ్ భుజం కోసం కంటే చేతిని కాపాడడానికి. పేషెంటుని బట్టి చూడాల్సిందే.

పిడికిలి

గుంట కొత్తదైతే కరెంటు స్టిమ్యులేషన్, అంటే చర్మం మీద ప్యాడ్లు పెట్టి కొద్దిపాటి కరెంటుతో కండరాన్ని ముడిచేలా చెయ్యడం, గురించి కూడా అడగండి. మొదటి వారాల్లో మొదలుపెడితే భుజం జారడం తగ్గుతుంది, నెలల తరబడి జారి ఉన్న భుజానికి అంత ఫలితం ఉండదు. నొప్పి తగ్గిస్తుందా అంటే అంత నమ్మకంగా చెప్పలేం. ఒక ప్యాడ్ రెక్క ఎముక పైగట్టుకి పైన, ఒకటి డెల్టాయిడ్ వెనక. సాధారణంగా 30 నుంచి 40 హెర్ట్జ్, అంటే సెకనుకి అన్నిసార్లు. కరెంటు నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గేలా పెట్టుకోవాలి, లేకపోతే భుజం కుదుపుగా లేస్తుంది. మొదటి ప్యాడ్ మెడవైపుకి జరిగితే మెడ నుంచి భుజానికి వచ్చే ట్రెపీజియస్ కండరం ముడుచుకుని భుజం చెవివైపు లేస్తుంది. అప్పుడు గుంట పూడినట్టే కనిపిస్తుంది కానీ బంతి కదలనే కదలదు. వేలితో తడిమి చూడండి, కన్ను మోసపోతుంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి వద్దు. చర్మం చిట్లిన చోట వద్దు. స్పర్శ తెలియని చోట కాలినా పేషెంటు చెప్పలేరు, కాబట్టి తీశాక ప్రతిసారీ చర్మం చూడాలి.

కొత్తగా చేరా

చాలా థ్యాంక్స్ అండీ. కప్పీ తీసేయిస్తున్నాం. ఇంకో సంగతి. చెయ్యి వెనక వాపు ఉంది, వేళ్ల మొదళ్ల దగ్గర నొక్కితే అరుస్తున్నారు. కదలిక లేక నీరు దిగిందా?

పిడికిలి

అది కావచ్చు, మరొకటీ కావచ్చు. వేలాడే చేతిలో నీరు దిగితే మెత్తగా ఉంటుంది, ఎత్తుగా పెడితే తగ్గుతుంది. దీనితో పాటు చర్మం వెచ్చబడి రంగు మారి, వేళ్ల మొదళ్లు వంచితే తీవ్రంగా నొప్పి, భుజం నొప్పి ఉండి, మోచేతిలో మాత్రం ఏమీ లేకపోతే భుజం-చెయ్యి సిండ్రోమ్‌ని అనుమానించాలి. దీన్ని, నొప్పీ వాపూ తగ్గకుండా ఉండిపోయే కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్‌లో ఒక రకంగా లెక్కిస్తారు. ఆలస్యమైతే వేళ్లు గట్టిపడిపోతాయి. డాక్టర్‌కి ఈ వారంలోనే చూపించండి. ఈలోగా వేళ్లని బలవంతంగా వంచొద్దు, ఆ చేతికి సూది, సెలైన్ పెట్టనివ్వొద్దు.

కాలికి కూడా ఒక మాట. ఒక పిక్కే ఉన్నట్టుండి వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే మర్దన చెయ్యొద్దు. రక్తం గడ్డ అయ్యుండొచ్చు, అదే రోజు చూపించాలి.

కొత్తగా చేరా

చెయ్యి తిరిగి వస్తుందో లేదో ముందే తెలుస్తుందా?

నడకమాస్టారు

కొంతవరకు. 2010లో వచ్చిన డచ్ అధ్యయనం ఒకటుంది. స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు వేళ్లు కొంచెమైనా చాచగలిగి, భుజం కొంచెమైనా పక్కకి ఎత్తగలిగినవాళ్లలో 98 శాతం మందికి 6 నెలలకి చేతిలో ఎంతోకొంత నైపుణ్యం తిరిగొచ్చే అవకాశం కనిపించింది. రెండూ లేనివాళ్లలో అది 25 శాతం. అంటే ఆ రెండూ లేకపోతే కథ ముగిసిందని కాదు, నలుగురిలో ఒకరికి వస్తుంది. 3 వారాలకి మీరు చూడాల్సింది కూడా ఇవే: వేళ్లు చాచడం, భుజం పక్కకి ఎత్తడం. బంతి పిసకగలరా లేదా అన్నది దీన్ని చెప్పదు.

చేతిపని

సాధన మోతాదు గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అసలు లోటు అక్కడే. 2009లో ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనుల సాధన) సెషన్లలో కూర్చుని లెక్కపెట్టారు. చేతిపనుల సాధన సెషన్‌కి సగటున 32 సార్లు. నడక 357 అడుగులు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు రావడానికి వాడిన మోతాదు రోజుకి 400 నుంచి 600 సార్లు. తేడా చూడండి. మనుషుల్లో గంటసేపట్లో 300 దాకా చేయించొచ్చని తర్వాత తేలింది, దానికి ముందే సిద్ధంగా ఉండాలి. మూడు పనులు ఎంచుకుని, ఒక్కోటి 100 సార్లు, 25 చొప్పున విడతలుగా. వస్తువులన్నీ ముందే టేబుల్ మీద సర్దిపెట్టుకోవాలి. లెక్క కాగితం మీద గీతలు గీయాలి, నోటి లెక్క ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది. పని సులువుగా అయిపోతుంటే వస్తువు దూరం పెంచండి, చిన్నది చేయండి. పదిలో ఐదుసార్ల కంటే ఎక్కువ తప్పుతుంటే తేలిక చేయండి.

చెయ్యి అస్సలు కదలనివాళ్లకి అద్దం సాధన ఉంది. అద్దం రెండు చేతుల మధ్య, ముఖం మంచి చేతివైపు ఉండేలా నిలువుగా పెట్టి, పడిపోయిన చెయ్యి దాని వెనక, మంచి చెయ్యి ముందు. మంచి చేతిని కదిపితే అద్దంలో రెండో చెయ్యి కదిలినట్టు కనబడుతుంది. అదే సమయంలో వెనక ఉన్న చేతిని కూడా కదపడానికి ప్రయత్నించాలి. రోజుకి 30 నిమిషాలు. ఉంగరాలు, గడియారం తీసెయ్యాలి, లేకపోతే భ్రమ చెడుతుంది.

నడకమాస్టారు

పడిపోయిన చేతినే వాడేలా మంచి చెయ్యి కట్టేసే పద్ధతి గురించి కూడా అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో 222 మంది, అందరూ స్ట్రోక్ తర్వాత 3 నుంచి 9 నెలల మధ్యవాళ్లు. మంచి చేతికి 2 వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం మెత్తటి తొడుగు, పనిదినాల్లో రోజుకి 6 గంటల దాకా సాధన. ఫలితం బాగుంది. కానీ చేరడానికి అర్హత ఏమిటో చూడండి: మణికట్టు కనీసం 10 డిగ్రీలు ఎత్తగలగాలి, బొటనవేలితో పాటు ఇంకో రెండు వేళ్లు కూడా అంతే చాచగలగాలి. అస్సలు కదలని చేతికి ఇది పనికిరాదు, ఉన్న చెయ్యి కూడా పోయినట్టవుతుంది. తూకం సరిగా లేనివాళ్లు నడిచేటప్పుడు తొడుగు తీసెయ్యాలి. మొదటి రోజుల్లోనే మోతాదు పెంచెయ్యడం కూడా మంచిది కాదు. 2009 నాటి వెక్టార్స్ ట్రయల్‌లో తొలిదశలో ఎక్కువ మోతాదు ఇచ్చినవాళ్లకి 90 రోజులకి ఫలితం తక్కువగా వచ్చింది.

రాత్రిడ్యూటీ

త్వరపడకూడదన్న మాటకి ఇంకోటి. "24 గంటల్లో నిలబెట్టేస్తే మంచిది" అని చాలామంది నమ్మేవారు. 2015లో అవర్ట్ ట్రయల్ దాన్ని పరీక్షించింది, 2104 మంది. మొదటి 24 గంటల్లో ఎక్కువసేపు లేపి నడిపించినవాళ్లు 3 నెలలకి మామూలు పద్ధతివాళ్ల కంటే కాస్త వెనకబడ్డారు. తర్వాతి విశ్లేషణలో తేలిందేమంటే, ఒక్కసారి ఎక్కువసేపు లేపడం కంటే కొద్దిసేపు చొప్పున ఎక్కువసార్లు లేపడం మెరుగు. అంటే గంటసేపు ఒక్కసారి కూర్చోబెట్టే బదులు పది నిమిషాలు ఆరుసార్లు.

నడకమాస్టారు

మరి ఎప్పుడు ఎక్కువ ఇవ్వాలి అంటే, 2021లో ఒక చిన్న ట్రయల్ వచ్చింది, 72 మంది. మామూలు థెరపీకి తోడు 20 గంటల చేతి సాధన. అది నెలలోపు ఇచ్చినవాళ్లకీ, 2-3 నెలల మధ్య ఇచ్చినవాళ్లకీ, 6 నెలల తర్వాత ఇచ్చినవాళ్లకీ పోల్చారు. అన్నిటికంటే లాభపడింది 2-3 నెలల మధ్యవాళ్లు. అప్పటికి చాలామందికి థెరపీ ఆగిపోయి ఉంటుంది, అదీ చిక్కు.

కొత్తగా చేరా

నడక గురించి కూడా చెప్పండి. నిలబెడితే పాదం కిందికి వేలాడుతోంది, మోకాలు వెనక్కి విరుచుకుంటోంది.

మడమపట్టీ

ఆ రెండింటికీ సంబంధం ఉంది. పాదం కిందికి ఉండిపోతే మడమ నేలకి ఆనదు. ఆనించాలంటే మోకాలు వెనక్కి తోసుకోవాలి. చీలమండ 90 డిగ్రీల దగ్గర నిలబడే పట్టీ వేస్తే మోకాలు చాలావరకు తనంతట తనే సర్దుకుంటుంది. ఇంకా వెనక్కి విరిస్తే పట్టీని ఒకట్రెండు డిగ్రీలు పాదం పైకి వచ్చేలా సర్దుతాం. మరీ ఎక్కువ సర్దితే మోకాలు ముందుకి ముడుచుకుని పడిపోతారు.

వెనకవైపు పలచగా వంగే ప్లాస్టిక్ పట్టీ పాదం వేలాడటానికే. బిగుతు బలంగా ఉండి పాదం లోపలికి మెలిపెట్టేవాళ్లకి గట్టి పట్టీ కావాలి. పలచటి పట్టీ ఆ బిగుతు ముందు నిలవదు, మడమ పైకి జారి అంచు కొరుకుతుంది.

కొత్త పట్టీని మొదటిరోజే రోజంతా వెయ్యకండి. మేజోడు మీద గంటసేపు, తీసి చూడండి. ఎర్రమచ్చ 20-30 నిమిషాల్లో పోతే రేపు కాస్త పెంచండి. పోకపోతే పట్టీ సర్దించాలి, అలవాటైపోతుందని వదిలెయ్యకూడదు. స్పర్శ లేని పాదం పుండు పడేదాకా చెప్పదు. బూటు లోపలి అట్ట తీసేస్తే పట్టీకి చోటు వస్తుంది.

నడకమాస్టారు

కర్ర మంచి చేతిలో ఉండాలి. ఎత్తు: బూట్లు వేసుకుని చేతులు వేలాడేసి నిలబడితే మణికట్టు గీత దగ్గరకి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి 20 నుంచి 30 డిగ్రీలు వంగుతుంది. వరస: కర్ర, బలహీనమైన కాలు, బలమైన కాలు. మెట్లు ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. సాయం చేసేవాళ్లు బలహీనమైన వైపు, కొంచెం వెనకగా, బెల్టు పట్టుకుని ఉండాలి.

కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ బలమైన వైపు, మంచానికి 30-45 డిగ్రీల కోణంలో. బ్రేకులు వేశారా, పాదపీఠాలు పక్కకి తిప్పారా చూడండి. పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్లని దాటేంత ముందుకి వంగి లేవాలి. వెనక్కి వాలి లేపితే ఇద్దరూ పడతారు.

కొందరు బలమైన చేత్తో నెట్టుకుంటూ బలహీనమైన వైపుకే ఒరిగిపోతారు. సరిచెయ్యబోతే ఇంకా గట్టిగా నెడతారు. మొండితనం కాదు, నిలువు ఎటో మెదడు తప్పుగా చెబుతోంది. ఎదురు నెట్టకండి. తలుపు అంచులాంటి నిలువుగీత చూపించి "దానితో సరిచూసుకోండి" అనండి. బలమైన వైపు టేబుల్ పెట్టి, ఆ చెయ్యి దానిమీదున్న వస్తువు అందుకునేలా చెయ్యండి. ఒరగడం అప్పుడు తగ్గుతుంది.

గుటక

అందరూ చేతులు, కాళ్లే మాట్లాడుతున్నారు. నోటితో ఏదైనా ఇచ్చేముందు మింగడం పరీక్ష జరిగిందా? నీళ్లు తాగాక దగ్గు, లేదా గొంతు తడిగా గరగరమనడం ఉంటే ఆపేయండి. దగ్గు లేనంత మాత్రాన సురక్షితమని కాదు, కొందరికి ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. నిటారుగా కూర్చోబెట్టాకే ఇవ్వండి, తర్వాత కనీసం 30 నిమిషాలు అలాగే ఉంచండి. బలహీనమైన వైపు బుగ్గలో ఏమైనా మిగిలిందేమో వేలితో కాదు, స్పాంజ్ కర్రతో చూడండి.

కొత్తగా చేరా

ఈ మూడు వారాల్లో మోచేయి కొద్దికొద్దిగా బిగుసుకుంటున్నట్టుంది. వదులుగా ఉండటం కంటే ఇది మంచిదేనా?

పిడికిలి

మంచి, చెడూ రెండూ. నరాల సంకేతాలు మళ్లీ మొదలయ్యాయనడానికి గుర్తు కావచ్చు. అలా వదిలేస్తే కీలు కూడా బిగుసుకుంటుంది. మేం దాన్ని 0 నుంచి 4 దాకా కొలుస్తాం, మధ్యలో 1+ అనే ఒక మెట్టు కూడా ఉంది. త్వరగా చాచితే అడ్డుపడి, నెమ్మదిగా చాచితే వదిలితే అది కండర బిగుతు. నెమ్మదిగా చాచినా ఒకచోట ఆగిపోతే అప్పటికే కండరం పొట్టిబడిందన్నమాట.

ఉన్నట్టుండి బిగుతు పెరిగితే మందు పెంచేముందు కారణం వెతకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పడక పుండు, చర్మంలోకి పెరిగిన కాలిగోరు, బిగుతైన మేజోడు ఇవన్నీ బిగుతుని పెంచుతాయి. ఒక కాలిగోరు సరిచేస్తే తొడ బిగుతు తగ్గిన సందర్భాలు మా రంగంలో అందరికీ తెలుసు.

బిగుతు తగ్గించే మందు బాక్లోఫెన్ సాధారణంగా 5 మిల్లీగ్రాములు రోజుకి 3 సార్లు మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మగత, బలహీనత వస్తాయి. బిగుతు మీదే ఆనుకుని నిలబడేవాళ్లకి కాళ్లు వదిలేయొచ్చు. ముఖ్యమైన మాట: ఒక్కసారిగా ఆపకూడదు. మూర్ఛలు, భ్రమలు వస్తాయి. ఒకటి రెండు కండరాల్లోనే బిగుతుంటే బొటులినం ఇంజెక్షన్ మేలు. 3 నుంచి 7 రోజుల్లో మొదలై, ఓ నెలకి గరిష్ఠంగా పనిచేసి, 3 నెలల దాకా ఉంటుంది. 12 వారాలలోపు మళ్లీ ఇవ్వం. ఇంజెక్షన్ ఒక కిటికీ తెరుస్తుంది, ఆ నెలల్లో సాచడం, స్ప్లింట్ (కీలుని చాచి నిలిపే పట్టీ), సాధన చెయ్యకపోతే డబ్బు దండగ.

డిప్రెషన్ మందు ఫ్లూక్సెటిన్ కదలిక పెంచుతుందా అని కూడా అడుగుతుంటారు. 2011లో చిన్న ట్రయల్ ఆశ పుట్టించింది. 2018 చివర్లో వచ్చిన ఫోకస్ ట్రయల్‌లో 3127 మందిలో పనిచేసే స్థితి మెరుగవలేదు, ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. కదలిక కోసమని ఇప్పించకండి. డిప్రెషన్ ఉంటే వేరే లెక్క.

వెన్నుపూస

మెడ దెబ్బల పేషెంట్ల ఇళ్లలోనూ ఇవే సలహాలు పాటించేస్తుంటారు కాబట్టి ఒక మాట. స్ట్రోక్ చేతికి వేళ్లు చాచాలి అని పైన చెప్పారు. మెడ వెన్నుపూస దెబ్బలో ఆరో స్థాయిలో ఉన్నవాళ్లకి అది కీడు చేస్తుంది. వాళ్లకి మణికట్టు ఎత్తే శక్తి ఉంటుంది, వేళ్లకి ఉండదు. మణికట్టు ఎత్తగానే వేళ్లని ముడిచే స్నాయువులు బిగిసి, వేళ్లు తమంతట తామే ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడువేలికి తగులుతుంది. కప్పు, పెన్ను పట్టుకోవడానికి వాళ్లకున్న పట్టు అంతా అదే. మణికట్టు ఎత్తి ఉంచి వేళ్లు కూడా చాచి లాగితే ఆ స్నాయువులు సాగిపోయి పట్టు పోతుంది. వేళ్లు చాచాలంటే మణికట్టు వంచి ఉంచాలి. మణికట్టు ఎత్తాలంటే వేళ్లు ముడవనివ్వాలి.

రెండోది ప్రాణాపాయం. ఛాతీ ఆరో వెన్నుపూస గానీ అంతకంటే పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లకి రక్తపోటు హఠాత్తుగా ఎగబాకే స్థితి ఉంటుంది. పగిలిపోయే తలనొప్పి, దెబ్బకి పైన ముఖం ఎర్రబడి చెమట. వీళ్ల మామూలు బీపీ పైరీడింగు 90-110 ఉండొచ్చు, కాబట్టి 140 కూడా ప్రమాదమే. మామూలు కంటే 20-40 పెరిగితే అదే అనుకోండి. వెంటనే కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడెయ్యండి. బెల్టు, బూట్లు, మేజోళ్లు వదులు చెయ్యండి. మూత్రం పైపు మెలిపడిందా, సంచి నిండిందా చూడండి. పైపు లేకపోతే మూత్రం తియ్యండి. అప్పటికీ తగ్గకపోతే మలం అడ్డుపడిందేమో, మొద్దుబార్చే జెల్లీ రాసి కొంచెం ఆగి చూడాలి. 2 నుంచి 5 నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండాలి. పైరీడింగు 150 దాటి అలాగే ఉంటే ఎమర్జెన్సీకి వెళ్లాలి, వెళ్లాక సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి వాడారేమో చెప్పాలి. బీపీ దించడానికి అక్కడ ఇచ్చే నైట్రేట్ మందులతో అవి కలవకూడదు.

నడకమాస్టారు

వాళ్లని కూర్చోబెట్టేటప్పుడు బీపీ పడిపోవడం సంగతీ చెప్పండి.

వెన్నుపూస

పొట్టకి వెడల్పాటి బెల్టు, కాళ్లకి సాగే మేజోళ్లు వేసి, వాలుకుర్చీని కొద్దికొద్దిగా నిటారు చెయ్యాలి. కళ్లు తిరిగితే వెంటనే వెనక్కి వాల్చాలి. ఆ పొట్ట బెల్టు ఊపిరికి కూడా సాయం. పొట్ట కండరాలు లేని మెడ దెబ్బవాళ్లు కూర్చున్నప్పటి కంటే పడుకున్నప్పుడు ఎక్కువ గాలి పీలుస్తారు, మామూలు మనుషులకి తలకిందులు. బెల్టు పొట్టని లోపలికి నెట్టి డయాఫ్రం (ఊపిరి పీల్చే కండరం) మళ్లీ సరైన చోటికి తెస్తుంది. పక్కటెముకల కింది అంచు దాటి పైకి కట్టకండి, ఛాతీ కదలదు.

కుర్చీలో ప్రతి 15-30 నిమిషాలకి ముందుకో పక్కకో వాలి పిరుదు ఎముకల బరువు తియ్యాలి. చేతులతో లేచి పది సెకన్లలో కూర్చుంటే సరిపోదు, చర్మంలోకి రక్తం తిరిగి రావడానికి 2 నిమిషాలు కావాలి. మంచం మీద 2 గంటలకోసారి తిప్పడం మామూలు లెక్క. ఎర్రమచ్చ పోకపోతే ఇంకా తరచుగా.

కారు వెనక నుంచి గుద్దినప్పటి మెడ పట్టేత మాత్రం పూర్తిగా వేరే సంగతి. 65 ఏళ్లు దాటినా, చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నా, పెద్ద ప్రమాదమైనా ముందు స్కాన్. అవేవీ లేక, మెడ కుడికీ ఎడమకీ 45 డిగ్రీలు తిప్పగలిగితే కాలర్ వద్దు, మొదటి రోజుల నుంచే నొప్పి ఓర్చుకోగలిగినంత కదపాలి.

కొత్తగా చేరా

అన్నీ రాసుకున్నాను. చివరిగా ఒకటి: చొక్కా వేసేటప్పుడే భుజం ఎక్కువ నొప్పి అంటున్నారు.

చేతిపని

మంచి చెయ్యి ముందు తొడిగిస్తున్నారు, అందుకే. పడిపోయిన చెయ్యి ముందు. చొక్కా ఒళ్లో పరిచి, ఆ చేతి వైపు చొక్కా చెయ్యి రంధ్రం మోకాళ్ల మధ్య వచ్చేలా పెట్టండి. ముందుకి వంగితే చెయ్యి దానంతట అదే కిందికి జారుతుంది, ఎత్తాల్సిన పనే లేదు. మంచి చేత్తో మోచేయి పైదాకా, తర్వాత భుజం దాకా లాక్కోవాలి. వెనక నుంచి చుట్టి తెచ్చాకే మంచి చెయ్యి. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు, పడిపోయింది చివర. ముందు గుండీలున్న వదులు చొక్కా ఎంచుకోండి, తల మీదుగా తొడిగేవి 2-3 నెలలు పక్కన పెట్టండి.